లక్ష్మణకుమారుడికి సంబంధం

(గుడియాత్తంలో మా తెలుగు అయ్యవారి స్మారకసభలో చదివిన ఉపన్యాస పాఠం)



అయ్యవారి పేరు నా వెనకున్న గుడ్డ మీద పెద్ద అక్షరాల్లో ఉంది. నా నోట మాత్రం ఆ పేరు రాదు. ఆయన బతికున్న రోజుల్లో మాలో ఎవ్వరం ఆయన్ని పేరుపెట్టి అనుకోలేదు. 'తెలుగయ్యోరు' అంటే ఈ ఊళ్లో ఇంకొకరు లేరు. ఈ పూట కూడా అయ్యవారనే అంటాను. తప్పుగా అనుకోకండి.

సభ పెట్టినవాళ్లు ఫోన్ చేసి విషయం ఏమిటని అడిగితే, 'పాతకాలపు హాస్యకథల్లో చిన్నపాత్రల పెళ్లిళ్లు' అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. స్మారకోపన్యాసమంటే ఛందస్సో, భాషోద్యమమో, కనీసం దేశభక్తో ఉండాలని వాళ్ల ఉద్దేశం కాబోలు. నేనేం చేసేది? ఈ విషయం నాకు ఇచ్చింది అయ్యవారే. మేం ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సోమవారం పొద్దున ఆయన నల్లబల్ల మీద ఒకే ఒక్క ప్రశ్న రాశారు. మాయాబజారులో లక్ష్మణకుమారునికి తగిన సంబంధము చూచి, అది ఏల తగినదో ఒక పుటకు మించకుండ వ్రాయుము.

అప్పుడు పుట మించింది, ఒక మార్కు పోయింది. ఇప్పుడు కూడా మించుతుంది. మీరు ఓర్చుకోవాలి.

టెంటులో కూర్చున్న పెళ్లిపెద్దలు

మాయాబజార్ తెలుగులో 1957 మార్చి 27న విడుదలైంది. రెండు వారాలు తిరిగాక, ఏప్రిల్ 12న తమిళంలో వచ్చింది. నిర్మాణం విజయా వారిది, దర్శకుడు కె.వి.రెడ్డి, తెలుగు మాటలు పింగళి నాగేంద్రరావువి. రెండింట్లోనూ కృష్ణుడు రామారావే, ఘటోత్కచుడు రంగారావే, కథానాయిక సావిత్రే. అభిమన్యుడు మాత్రం తెలుగులో నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడు తెలుగులో రేలంగి, తమిళంలో తంగవేలు. మనకు శశిరేఖ అయిన పిల్ల వాళ్లకు వత్సల. మన గుడియాత్తం వీధుల్లో ఒక గోడకు ఇటు శశిరేఖ, అటు వత్సల. మగ్గం చప్పుడు మాత్రం రెండిళ్లలోనూ ఒకటే.

నేను ఆ సినిమా చూసింది తర్వాత కొన్నేళ్లకు, ఊరి బయట వేసిన టూరింగ్ టాకీసులో, మా అవ్వ పక్కన ఇసుకలో కూర్చుని. టెంటులో ప్రొజెక్టరు ఒకటే. రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వెలిగేవి. ముంతకిందపప్పు అమ్మే పిల్లోడు లోపలికొచ్చేవాడు. తెర మీద కథ ఆగిన ఆ నాలుగు నిమిషాల్లో ఇసుకలో ఇంకో కథ నడిచేది.

పెళ్లిపందిరి సంగతి మీకందరికీ తెలుసు. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడు. పెళ్లికొడుకు కాలు తొక్కుతాడు, చెయ్యి నలుపుతాడు, పెళ్లికూతురు ఒకసారి పిల్లలాగా ఒకసారి పులిలాగా కనిపించేసరికి లక్ష్మణకుమారుడు పీటల మీద గజగజ వణుకుతాడు. టెంటు మొత్తం పగలబడి నవ్వుతోంది. దీపాలు వెలిగాయి. చూస్తే మా అవ్వ ఒక్కతే నవ్వడం లేదు.

"పెండ్లి చెయ్యకనే ఆ పిలకాయను ఊరికి తోలేస్తారే, ఏం మనుషులబ్బా ఈళ్లు" అంది.

పక్కింటి తమిళ పెద్దమ్మ వెంటనే అందుకుంది. తమిళ బొమ్మలో ఆ వేషం కట్టింది తంగవేలు కదా, తంగవేలుకు సరోజ ఉంది కదా, ఇంక దిగులెందుకు అని. ఆమె లెక్క ఆమెది. 1959లో వచ్చిన కల్యాణ పరిసు సినిమాలో తంగవేలు, ఎం.సరోజ చేసిన హాస్యం ఈ ప్రాంతమంతా నోటా నోటా పాకింది. బయట కూడా వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలే. ఆమెకు లక్ష్మణకుమారుడూ తంగవేలూ ఒకటే మనిషి.

అవ్వ ఒప్పుకోలేదు. "అది వేషం కట్టినోడి సంసారం. నేను అడిగేది ఈ అబ్బోడి సంగతి" అంది. తర్వాత ఖాళీ తెర మీద, శశిరేఖ వెనకాల చెలికత్తెలు నిలబడే చోటికి చెయ్యి చూపింది. ఆ మూలన ఒక పిల్ల నిలబడి ఉందట, ఆ పిల్లనిస్తే సరిపోతుందట. రాజకొడుక్కి చెలికత్తెనా అని వెనకనుంచి ఎవరో అన్నారు. అవ్వ చెప్పిన జవాబు మీద ఈ ఉపన్యాసమంతా నిలబడి ఉంది.

"వాణ్ణి జూసి అందురూ నగతా ఉండారు. నగని పిల్ల ఒగితె కావల. ఆ పిల్ల నగలేదు, నేను జూసినా."

పదమూడో రోజు

అవ్వకు ఆ పిలకాయ మీద అంత జాలి ఎందుకు? నాకు అది అర్థం కావడానికి ఇంకో ఏడు పట్టింది.

మన ప్రాంతంలో భారతం పుస్తకంలో కన్నా గుళ్లో ఎక్కువ ఉంటుంది. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయ్యేదాకా గుడియాత్తం, రాయవేలూరు, చిత్తూరు అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు. అటు ధర్మరాజులవారి గుడి అన్నా, ఇటు ద్రౌపదమ్మ గుడి అన్నా జరిగే తంతు ఒకటే. పగలు భారతం కథ, రాత్రి అటు వీధినాటకం, ఇటు కూత్తు. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివర మట్టితో కట్టిన దుర్యోధనుడు నేల మీద పొడుగునా పడుకుని ఉంటాడు, ఆయన తొడ విరుగుతుంది. నిప్పులగుండం తొక్కుతారు. అవ్వ ఏటేటా ఏ రాత్రీ వదలకుండా చూసేది.

అభిమన్యుడి యుద్ధం రాత్రి నన్నూ తీసుకుపోయింది. పద్మవ్యూహం అంటే మనకు అభిమన్యుడి చావే గుర్తుంటుంది. అదే రోజు, అంటే యుద్ధం పదమూడో రోజున, అదే వ్యూహంలో, అభిమన్యుడి చేతిలోనే ఇంకొక కుర్రాడు చచ్చిపోతాడు. ఆ కుర్రాడు లక్ష్మణకుమారుడు. ద్రోణపర్వంలో ఉన్న సంగతే ఇది. పీటల మీద పోటీపడ్డ ఇద్దరు పెళ్లికొడుకులూ ఒకే పొద్దు కుంగకముందే పోతారు.

టెంటులో కూర్చున్నప్పుడు అవ్వకు ఇది తెలుసు. తెర మీద వణుకుతున్న రేలంగి ఆమెకు నవ్వులపాలైన పెళ్లికొడుకుగా కనిపించలేదు. నాలుగు రోజుల్లో చావబోయే పెళ్లికాని పిలకాయగా కనిపించాడు. హాస్యకథ ఆ పెళ్లిపందిరి దగ్గరే ముగుస్తుంది. చిన్నపాత్రకు దాని తర్వాత రేపు అనేది ఉండదు. ఆ రేపును అవ్వ తన చేతుల మీదుగా ఇవ్వాలనుకుంది. మనవాళ్లకు రేపు అంటే ముందు పెళ్లే కదా.

ఇది మా అవ్వ ఒక్కదాని పిచ్చి అనుకోకండి. ఉళుందూర్‌పేట దగ్గర కూవాగంలో చిత్రా పున్నమికి జరిగే ఉత్సవం గురించి విన్నారు కదా. వ్యాసభారతంలో ఇరావంతుడు అర్జునుడి కొడుకుల్లో ఒకడు, ఎనిమిదో రోజు యుద్ధంలో పోతాడు, అంతే. తమిళ జనం ఆ చిన్నపాత్రను అరవాన్ చేసి, పాండవుల గెలుపు కోసం బలి కావడానికి ఒప్పుకున్నవాడిగా నిలబెట్టారు. బలికి ముందు అతను అడిగింది ఒక్కటే, పెళ్లి. తెల్లారితే చచ్చేవాడికి పిల్లనెవరిస్తారు? కృష్ణుడే మోహినిగా వచ్చి పెళ్లాడాడన్నారు. ఇప్పటికీ వేలమంది తిరునంగైలు, అంటే ట్రాన్స్‌జెండర్ స్త్రీలు, ఆ రాత్రి అరవాన్ పేర తాళి కట్టించుకుని, మర్నాడు తెంపుకుని ఏడుస్తారు. ఒక చిన్నపాత్ర పెళ్లికాకుండా పోకూడదన్న జనం పట్టుదల అక్కడ గుడి అయి కూర్చుంది.

కూవాగంలో ఏడుపు, మాయాబజారులో నవ్వు. అడిగింది మాత్రం ఒకటే.

అసలు పెళ్లి కూడా మనం చేసిందే

అయ్యవారు ఆ ప్రశ్న ఇచ్చిన రోజు వెనక బెంచీవాడొకడు లేచి, "సార్, భారతంలో లేనిది మనం ఎట్లా రాసేది?" అని అడిగాడు. అయ్యవారు ఎదురు ప్రశ్న వేశారు: "శశిరేఖ భారతంలో ఎక్కడుందో చూపించు."

లేదు. వ్యాసుడి దగ్గరా లేదు, మన కవిత్రయం దగ్గరా లేదు. అభిమన్యుడి పెళ్లి విరాటపర్వంలో ఉత్తరతో జరిగింది, ఆ ఒక్కటే. బలరాముడికి కూతురుందనీ, మేనబావనే చేసుకుందామని ఆమె పట్టుబట్టిందనీ, మధ్యలో ఘటోత్కచుడు దూరాడనీ కల్పించుకున్నది మన జనం. మేనరికం అలవాటున్న నేలలో మేనత్త కొడుకు ఉండగా వేరే సంబంధం వెతకడం ఎవరికి నచ్చుతుంది? శశిరేఖా పరిణయం పేర మనవాళ్లు, వత్సలా కల్యాణం పేర తమిళులు ఆడుకున్నారు, పాడుకున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకసమాజాలవాళ్లు ఈ కథతోనే ఊరూరా జనాన్ని కట్టిపడేశారు. సినిమా ఆ బాట చివరన వచ్చింది.

ఆ సినిమాలో ఇంకొక విచిత్రం ఉంది. అది భారతకథ, అయినా పాండవులు ఒక్క దృశ్యంలోనూ కనిపించరు. పెద్దపాత్రలు అడవికి పోయారు. ఖాళీ అయిన ఇంట్లోకి చినమయ్య, లంబు, జంబు, శర్మ, శాస్త్రి వచ్చి కాళ్లు బారజాపుకుని కూర్చున్నారు. పెద్దవాళ్లు ఊళ్లో లేనప్పుడు పిలకాయలు ఎట్లా ఆడుకుంటారో అట్లాంటి సినిమా అది. అవ్వ చేసిందల్లా ఆ ఆటను ఇంకొక అడుగు ముందుకు జరపడమే. శశిరేఖకు మొగుణ్ణి తెచ్చిన జనమే లక్ష్మణకుమారుడికి పెళ్లాన్ని తెస్తే తప్పెక్కడుంది?

మన ఆటపాటల్లో ఈ పని పాతదే. తోలుబొమ్మలాటలో రాముడి కథ నడుస్తూ ఉండగా మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క దూకుతారు. వాళ్లిద్దరూ ఆలుమగలు, మధ్యలో తగుదునమ్మా అని కేతిగాడు. వాళ్లకు వాల్మీకితో పనిలేదు. సీతారాములు ఎడబాటుతో కుములుతున్నప్పుడు వీళ్లు కాపురం గురించి తిట్టుకుంటారు. పెద్దజంట విషాదం పక్కన చిన్నజంట గొడవ లేకపోతే తెల్లవార్లూ ఎవరు కూర్చుంటారు?

కురవంజి నాటకాలు చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో తిరికూడరాసప్ప కవిరాయర్ రాసిన కుట్రాల కురవంజిలో నాయిక వసంతవల్లి దేవుణ్ణి ప్రేమిస్తుంది. సోది చెప్పడానికి సింగి వస్తుంది. సోది అయిపోతుంది, నాయిక కథలోంచి జారిపోతుంది. అక్కణ్ణుంచి కథంతా పిట్టలు పట్టే సింగడు తన సింగిని వెతుక్కుంటూ తిరగడమే. చివరికి కలుసుకునేది వాళ్లిద్దరే. దేవుడికీ నాయికకూ దొరకని కలయిక ఎరుకలవాళ్లకు దొరికింది. ఆ రాసినాయనకు ప్రేక్షకుల మనసు తెలుసు.

ఆడవాళ్ల పాటల దగ్గరికొస్తే ఇంకా లోతు. రామాయణంలో ఊర్మిళ ఎన్నిసార్లు కనిపిస్తుంది? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తెలుగు ఆడవాళ్లు మాత్రం ఊర్మిళాదేవి నిద్ర అని ఒక పాట కట్టుకుని, పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఆమె పడకగదికి లక్ష్మణుణ్ణి తీసుకొచ్చారు. నిద్రకళ్లతో ఆమె మొగుణ్ణి గుర్తుపట్టదు, పరాయివాడనుకుని కేకలేస్తుంది. రాముడి అక్క శాంతకు కూడా ఆ పాటల్లో పుట్టిల్లు, అత్తిల్లు, పెత్తనం అన్నీ ఉన్నాయి. వెల్చేరు నారాయణరావు ఈ పాటల గురించి రాసి, ఇది ఆడవాళ్లు తమకోసం కట్టుకున్న వేరే రామాయణమని లోకానికి చూపించారు. వంటింట్లో రోలు ముందు కూర్చుని పాడినవాళ్లకు సాహిత్యవిమర్శ అన్న మాట తెలియదు. కవి ఎవరిని మరిచిపోయాడో తెలుసు.

దొరల దగ్గర కూడా

రాయవేలూరులో కాలేజీ చదువుకు పోయినప్పుడు ఇంగ్లీషు పుస్తకాల్లో మా అవ్వలు కనిపించారు.

షేక్‌స్పియర్ రాజుల యుద్ధాల నాటకంలో ఫాల్‌స్టాఫ్ అని ఒక బొజ్జ తాగుబోతును పెట్టాడు. ఎలిజబెత్ రాణికి వాడు తెగ నచ్చి, వాణ్ణి ప్రేమలో పడేసి ఇంకో నాటకం రాయమందని ఐతిహ్యం. 1709లో షేక్‌స్పియర్ జీవితం రాసిన నికొలస్ రో ఈ మాటను పుస్తకానికెక్కించాడు. నిజమో కాదో తేల్చే సాక్ష్యం లేదు. అయితే ఆ కోరిక ఎంత సహజమైనదో చూడండి. సింహాసనం మీద కూర్చున్నావిడ కూడా మా టెంటులో ఇసుక మీద కూర్చున్నావిడ అడిగిందే అడిగింది. షేక్‌స్పియర్ గడుసువాడు. ఫాల్‌స్టాఫ్‌ను ఆడవాళ్ల వెంట తిప్పాడు గానీ, మాసిన బట్టల బుట్టలో కుక్కించి థేమ్స్‌లో పారేయించాడు.

జేన్ ఆస్టెన్ సంగతి ఇంకా బాగుంటుంది. 1813లో వచ్చిన ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో అయిదుగురు అక్కచెల్లెళ్లు. కథ ముగిసేసరికి ముగ్గురికి పెళ్లయింది, కిటీ, మేరీ మిగిలారు. ఆస్టెన్ ఇంట్లో పిల్లలు ఊరుకుంటారా? వాళ్ల గతేమిటని అడిగేవారట, ఆమె చెప్పేదట. కిటీకి అక్క ఊరి దగ్గరే ఒక పాదిరితో పెళ్లయిందనీ, మేరీకి మామయ్య దగ్గర పనిచేసే గుమాస్తా దొరికాడనీ. ఆమె మేనల్లుడు 1869లో అచ్చువేసిన జ్ఞాపకాల్లో ఇది ఉంది. పుస్తకంలో రాయని ఆ రెండు పెళ్లిళ్లూ ఇంట్లో మాటల్లో జరిగాయి. రచయిత్రే అవ్వ పని కూడా చేసింది.

నాకు ఒకటి అర్థమైంది. రాజుకు పెళ్లి చేయడం కవి బాధ్యత. రాజ్యానికి వారసుడు కావాలి, కథకు ముగింపు కావాలి. చిన్నపాత్ర పెళ్లితో కథకు ఏ అవసరమూ లేదు. అవసరం లేకపోయినా చేసేదే ప్రేమ. అందుకే అది జనానికి మిగిలింది.

పెళ్లికొడుకు లేని మండపం

ఇంతవరకూ అయ్యవారు మెచ్చుకుంటారు. ఇక్కణ్ణుంచి ఆయన మందలించే భాగం.

ఒకసారి మమ్మల్ని రాయవేలూరు కోటకు తీసుకుపోయారు. విజయనగరం రాయలు పెనుకొండ, చంద్రగిరి దాటి చివరికి వచ్చి కూర్చున్న కోట అది. అందుకే మనం ఆ ఊరిని రాయవేలూరు అంటాం. లోపల జలకంఠేశ్వరుడి గుళ్లో కల్యాణమండపం ఉంది. గుర్రాలు, యాళులు, చిలకలు చెక్కిన ఆ స్తంభాలు చూసి మేం నోళ్లు తెరిచాం. అప్పట్లో గుళ్లో దేవుడు లేడు. ఎన్నో తరాలుగా గర్భగుడి ఖాళీ. 1981లో గానీ లింగాన్ని మళ్లీ ప్రతిష్ఠించలేదు. అయ్యవారు ఒక స్తంభానికి చెయ్యానించి, "మండపం ఉంది, పెళ్లికొడుకు లేడు. అయినా మండపానికి ఏం లోటురా?" అన్నారు. మాకు ఏమీ అర్థం కాలేదు. కన్యాశుల్కం చదివాక అర్థమైంది.

గురజాడ కన్యాశుల్కం 1892లో రంగమెక్కింది, 1897లో అచ్చయింది, 1909లో తిరగరాసిన రూపంలో మళ్లీ వచ్చింది. పేరులోనే పెళ్లి ఉన్న నాటకం. తీరా చూస్తే అందులో జరిగే పెళ్లి ఆడవేషం వేసిన కుర్రాడితో ముసలి లుబ్ధావధాన్లుకు జరిగే దొంగపెళ్లే. చివర బుచ్చమ్మ చదువుకోవడానికి పోతుంది, గిరీశం చేతులు నులుముకుంటాడు, మధురవాణి ఒంటరిగా మిగులుతుంది. హాస్యనాటకం పెళ్లితో ముగియాలన్న నియమాన్ని ఆయన తలకిందులు చేశాడు.

చదివినవాళ్లు ఊరుకున్నారా? మధురవాణిని సౌజన్యారావు పంతులుకిచ్చి చేయాలనిపించని తెలుగు పాఠకుడు అరుదు. నేను కూడా చేశాను, కాలేజీలో, మనసులో, రెండుసార్లు. నాటకం మళ్లీ తిరగేస్తే సిగ్గేసింది. మగవేషంలో ఆయన ఇంటికొచ్చి ముద్దు అడిగిందీ ఆమే. ఆయన నియమం విడిచి ఒప్పుకున్నాక, చెడనివాణ్ణి చెడగొట్టనని వెనక్కి తగ్గిందీ ఆమే. గెలిచిన చోట ఆగిపోయిన మనిషికి మనం తాళి తీసుకుపోతే అది బహుమానమవుతుందా? ఆమె నిర్ణయాన్ని చెరిపేయడమవుతుంది. పురాణం సుబ్రహ్మణ్యశర్మ ఆమె పేర ఇంటర్వ్యూలు రాశారు, పెన్నేపల్లి గోపాలకృష్ణ ఆమెకు ఊహాత్మక ఆత్మకథ రాశారు. ఈ ఇద్దరూ ఆమెకు మొగుణ్ణి వెతకలేదు, మాట్లాడే గొంతు ఇచ్చారు. అది మంచి పాఠకుల పని.

లక్ష్మణకుమారుడిని ఎవరూ ఏమీ అడగలేదు. ఏం కావాలో చెప్పుకునే చోటు కథ అతనికి ఇవ్వలేదు. కాబట్టి అవ్వ జోక్యం చెల్లుతుంది. మధురవాణి తనకు కావలసింది తానే చెప్పింది. అక్కడ మన జోక్యం చెల్లదు. పాత్రకు జంట కట్టేముందు ఆ పాత్ర ఏమన్నదో ఒకసారి వినాలి.

గోడ మీది రెండు పేర్లు

ఇప్పుడు అయ్యవారు ఆ ప్రశ్న ఎందుకిచ్చారో చెప్పాలి. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు బళ్లోకి డ్రాయింగు టీచరమ్మ ఒకరు కొత్తగా వచ్చారు. అయ్యవారికి పెళ్లి కాలేదు. ఆమెకూ కాలేదు. ఇద్దరూ ఒకే బస్సు దిగేవారు, ఎందుకంటే ఆ వేళకు ఇంకో బస్సు లేదు. మాకు అంత చాలు. ఒక శుక్రవారం సాయంత్రం మూత్రశాల గోడ మీద బొగ్గుతో ఇద్దరి పేర్లూ రాసి, మధ్యలో బొమ్మ గీశారు. రాసింది నేను కాను. బొగ్గు ఇచ్చింది నేను.

శనివారం గోడ మీద ఏమీ లేదు. ఎవరు తుడిచారో తెలియలేదు. సోమవారం నల్లబల్ల మీద ఆ ప్రశ్న ఉంది. రాసి, మా వైపు తిరిగి, మామూలుగానే అన్నారు: "సంబంధాలు చూసే సరదా ఉంటే లక్ష్మణకుమారుడికి చూడండి. వాడు ఏమీ అనుకోడు."

మేమంతా పకపక నవ్వాం. ఆయన నవ్వలేదు.

అవ్వ మాటలే రాశాను నేను, నవ్వని పిల్ల ఒకతె కావాలని. అయ్యవారు ఆ వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసి పదికి తొమ్మిది వేశారు. పుట మించినందుకు ఒకటి తగ్గించారు. మరుసటి ఏడు బడి తెరిచేసరికి డ్రాయింగు టీచరమ్మ లేరు. వేరే ఊరికి బదిలీ చేయించుకున్నారన్నారు. అయ్యవారు చివరిదాకా ఒంటరిగానే ఉన్నారు. గోడకూ ఈ రెండింటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. బొగ్గు ఇచ్చిన చెయ్యి మాత్రం ఇదే.

ఇప్పుడు సినిమాతారలకూ, వాళ్ల పిల్లలకూ జంటలు కట్టి ఊరంతా చాటడం చూస్తే నాకు ఆ గోడే గుర్తొస్తుంది. పక్కింటి పెద్దమ్మ తంగవేలుకు సరోజను చూపినప్పుడు ఆ పెళ్లి అప్పటికే అయిపోయింది, ఎవరికీ నష్టం లేదు. కానివాళ్లకు కట్టినప్పుడే నష్టం. పాత్రకు పెళ్లి చేస్తే పాత్రకు ఒక రేపు దొరుకుతుంది. మనిషికి ఊరు పెళ్లి చేస్తే ఆ మనిషి రేపటినుంచి బస్సు దిగడానికి భయపడుతుంది. రెండు పనులూ పైకి ఒకేలా ఉంటాయి. ఒకటి నవ్వులపాలైనవాణ్ణి ఆదుకోవడం, రెండోది మనిషిని నవ్వులపాలు చేయడం.

2010 జనవరి 30న మాయాబజార్ రంగుల్లో వచ్చింది. వెళ్లాను. నాకు కావలసింది రంగులు కావు. అవ్వ చూపించిన మూలన ఉన్న ఆ పిల్లను చూడాలని వెళ్లాను. తర్వాత ఇంట్లో నలుపు తెలుపు బొమ్మను ఆపి ఆపి చూశాను. అవ్వ చెయ్యి చూపిన చోట ఎవరూ లేరు. అంతమంది నవ్వుతున్న ఆ పందిట్లో నవ్వని పిల్ల ఒకతె ఉండాలని అవ్వ అనుకుంది, ఉందని నాకు చెప్పింది. ఇన్నేళ్లూ నేను నమ్మాను.

పెద్దలారా, నా వ్యాసం అయిపోయింది. ఒక్క మనవి ఉంది. ఈ హాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్లో తమిళం రాసే పిలకాయలు చాలామంది ఉన్నారు. మీ ఇళ్లల్లో అవ్వలున్నారు. వాళ్లు ఏ కథలో ఎవరికి పెళ్లి చేశారో, ఎవరిని ఒంటరిగా వదలమన్నారో ఏ పుస్తకంలోనూ లేదు, వాళ్లతోనే పోతుంది. వచ్చే ఏడు ఈ వేదిక మీద నాలాంటి ముసలివాళ్లను పిలవకండి. ఆ ఖర్చుతో పిలకాయలకు కాగితాలు పంచి, అయ్యవారి ప్రశ్నే మళ్లీ ఇవ్వండి. తెలుగు అక్షరాలు రానివాళ్లు తమిళ అక్షరాల్లో రాసినా తీసుకోండి, మాట తెలుగైతే చాలు. మార్కులు వేసేటప్పుడు అయ్యవారి నియమం మాత్రం తప్పకండి. ఒక పుటకు మించకూడదు.